ఆదివారం చదివే పేర్లు

పెడన నుంచి తెచ్చిన కొత్త కలంకారీ గుడ్డకు ఒక వాసన ఉంటుంది. కరక్కాయ వగరు, గేదెపాల పచ్చివాసన, బెల్లంలో ఇనుపముక్కలు ఊరబెట్టి తీసిన నలుపు రంగు పులుపు, మూడూ కలిసిన వాసన. రెండు మూడు ఉతుకులకు పోతుంది. మొన్న సోమవారం బందరు కలెక్టరాఫీసులో, అర్జీలు తీసుకునే హాలు బయట బెంచీ మీద కూర్చుని ఒళ్ళో మూట ముడి విప్పేసరికి అది గుప్పున తగిలింది. పక్కనున్న పెద్దాయన ఊరగాయ తెచ్చావా అమ్మా అని అడిగాడు. నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళు చెమర్చాయి. రాహేలమ్మ టీచరు గారైతే ఈపాటికి ఆయన అర్జీ చేతిలోకి తీసుకుని, తప్పులు దిద్ది, ఏ గదికి వెళ్ళాలో చెప్పి, కాఫీ తాగారా అని కూడా అడిగి ఉండేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉండే చిన్న ఊరు. ఊరి చివర మా పేట, పేట చివర మా గుడి. మేము చర్చిని గుడి అనే అంటాం. పాస్టరు అయ్యగారు ఆరేడు ఊళ్ళు చూసుకోవాలి కాబట్టి నెలకొక్కసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు గుడిని నడిపింది ఎయిడెడ్ బడిలో టీచరుగా చేసే రాహేలమ్మ గారే. పొట్టి మనిషి, సన్నటి జడ, ఎప్పుడూ నీలిరంగు అంచు తెల్లచీర, గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకు వినిపించేది. బడిలో మాకు ఎక్కాలు నేర్పిందీ, గుడిలో వాక్యం చదవడం నేర్పిందీ ఆవిడే. ఎక్కడ తప్పు చదివినా చెవి మెలిపెట్టే పద్ధతి ఒక్కటే.

మా గుడిలో ఒక ఆచారం ఉండేది. ఆరాధన మధ్యలో అధికారుల కోసం ప్రార్థన. అది చాలా గుళ్ళలో ఉంటుంది గాని, మా గుడిలో పేర్లతో ఉండేది. ప్రధానమంత్రి మొదలుకుని కలెక్టరు, ఎమ్మార్వో, ఎస్సై, కాలవకు నీళ్ళు వదిలే లస్కరు, కరెంటు లైన్‌మెన్ దాకా ఒక్కొక్కరి పేరూ చదవాలి. వారానికొకరి వంతు. ఆ జాబితాను టీచరు గారు రూళ్ళ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంచేవారు. ఎవరికైనా బదిలీ అయితే ఆ వారమే పాత పేరు కొట్టేసి కొత్త పేరు ఎక్కించేవారు. ఆ కబురు ఊళ్ళో అందరికంటే ముందు మా గుడిలోనే తెలిసేది. పేరెందుకు, పదవి చెబితే చాలదా అని నేను ఒకసారి అడిగాను. పదవికి ఆకలి, నిద్ర, పిల్లలు ఉండవు గదా, ఎవరి కోసమని అడుగుతాం అన్నారు.

ఒక ఎన్నికలప్పుడు పోటీ చేస్తున్నాయన ఒకరు ఆదివారం ఆరాధనకు వచ్చారు. సంఘ పెద్దలు హడావుడిగా కుర్చీ తెచ్చి ప్రసంగం చేసే బల్ల పక్కన వేశారు. టీచరు గారు లేచి వెళ్ళి, కుర్చీలు ముసలివాళ్ళకండీ, మీరింకా కుర్రవారే గదా అని నవ్వుతూ చాప చూపించారు. ఆయన నిజంగానే చాప మీద కూర్చున్నారు. అధికారుల ప్రార్థన రాగానే టీచరు గారు ఆయన పేరు చదివారు, దాని వెంటే ఆయనకు పోటీగా నిలబడిన ముగ్గురి పేర్లూ చదివారు. ఆయన వెంట వచ్చిన మనిషి మొహం మాడిపోయింది. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాడు.

"మా నాయకుడొస్తే ఎదటివాళ్ళ పేర్లు కూడా చదువుతారేంటండీ?"

"ఎవరు గెలుస్తారో మనకి తెలీదు కదండీ. గెలిచాక మొదలెడితే ఆలస్యమైపోద్ది."

ఆదివారం ప్రార్థన అయితే సోమవారం అర్జీ. ఏడాదికొక్కసారి, వేసవి సెలవులిచ్చిన మొదటి సోమవారం, టీచరు గారు తెల్లారే బస్సెక్కి, పులిగడ్డ దగ్గర నది దాటి, చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళేవారు. అర్జీలో సంగతి ఎప్పుడూ ఒక్కటే. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మా పేట మారలేదు, మా బావి మారలేదు, మమ్మల్ని పిలిచే పిలుపు మారలేదు, ఎస్సీ కాగితం ఒక్కటి ఎందుకు మారాలి అని. అది కలెక్టరు చేతిలో లేని సంగతని ఆవిడకు మనకంటే బాగా తెలుసు. పైకి పంపండి చాలు అనేవారు. కాగితం ఇచ్చాక ఎదురుగా ఉన్న ఉద్యోగి పేరు అడిగి చీటీ మీద రాసుకునేవారు. ఫిర్యాదు చెయ్యడానికేమోనని ఆ ఉద్యోగి హడలిపోయేవాడు. ప్రార్థన కోసమని చెబితే మరింత హడలిపోయేవాడు.

ఇక నా ఒళ్ళో మూటలో ఉన్న పుస్తకం సంగతి. బాప్తిస్మాల రిజిస్టరును మేము పుస్తకం అనే అనేవాళ్ళం. ఎర్ర అట్ట, లోపల పేరు, తల్లిదండ్రులు, తేదీ, చివర రిమార్కుల గడి. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు టీచరు గారు ఆ పుస్తకాన్ని చీరకొంగుతో పొట్టకు బిగించి కట్టుకుని గుడి కప్పు మీదికి ఎక్కారట. అప్పటికి నేను నెలల పిల్లను, మా అమ్మ నన్నెత్తుకుని ఆవిడ పక్కనే ఉంది. నీళ్ళు తీశాక ఇళ్ళూ లేవు, కాగితాలూ లేవు. పోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి వచ్చిన అధికారులకు ఏ ఇంట్లో ఎందరుండేవారో చెప్పే మనుషులే మిగల్లేదు. అప్పుడు టీచరు గారు గుడి మెట్ల మీద కూర్చుని, ఉప్పునీళ్ళకు ఉబ్బిన ఆ పుస్తకం విప్పి, ఒక్కొక్క పేరూ చదివి రాయించారు. పెడనలో అద్దకం పని చేసేవాళ్ళు బాధితులకని పంపిన గుడ్డల్లో తన వంతుకు వచ్చిన ముక్కను ఆ పుస్తకానికి చుట్టారు. అది చిరిగినప్పుడల్లా పెడన వెళ్ళి ఇంకో ముక్క తెచ్చేవారు.

మా ఊళ్ళో కాగితం కనపడకపోతే చెప్పే మాట ఒకటుంది, ఉప్పెనలో పోయింది అని. రేషను కార్డు పోయినా అంతే, ఇంటిపన్ను రసీదు పోయినా అంతే. నిజంగా పోయినవి కొన్ని, వీలుగా పోయినవి కొన్ని. అడిగే ఆఫీసర్లకూ ఆ సంగతి తెలుసు, రాసుకుని వెళ్ళిపోయేవారు.

మా పేటలో చాలామందికి రెండు పేర్లు. బడిలో నేను నాగమణిని, గుడిలో కృపమ్మను. చట్టం ప్రకారం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఎస్సీలు కారు, బీసీ-సి అవుతారు. ఆ వరసలో సీట్లు నామమాత్రం. అందుకని బడిలో చేర్చేటప్పుడే ఒక పేరు, గుడికి ఇంకో పేరు. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు, బతకడం అనుకున్నారు. ఇంటర్ అయ్యాక నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. నాగమణి పేరు మీద, ఎస్సీ సర్టిఫికెట్ మీద, మెడిసిన్ సీటు వచ్చింది. మా పేట నుంచే కాదు, చుట్టుపక్కల పేటల్లో కూడా అంతకుముందు డాక్టరు చదివినవాళ్ళు లేరు. మా నాన్న కూలికి వెళ్ళే చేనుగట్ల మీద కనిపించినవాడికల్లా ఆగి చెప్పాడు.

అప్పుడు మావాళ్ళు, మావాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు ఒకటి చేశారు. కృతజ్ఞత కూడిక పేరుతో సభ పెట్టారు. గుడి మీద మైకు కట్టి, మన సంఘ సభ్యురాలు కృపమ్మకు ప్రభువు డాక్టరు సీటు ఇచ్చాడు అని మూడు ఊళ్ళకు వినపడేలా సాయంత్రమంతా చెప్పారు. వారం తిరక్కుండా ఎమ్మార్వో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. నాగమణి, కృపమ్మ ఒకరేనా విచారించండి అని. నేను కాలేజీలో చేరడానికి ఇంకా పది రోజులుంది.

విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. గారు వస్తున్నారని తెలిసి సంఘ పెద్దలంతా టీచరు గారింటికి వెళ్ళారు. మా నాన్నా వెళ్ళాడు, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అందరి మాటా ఒక్కటే, పుస్తకం ఉప్పెనలో పోయిందని చెప్పండి.  ఆవిడ నెమ్మదిగా అన్నారు.

"ఉప్పెన మన దగ్గర చాలా తీసుకెళ్ళింది. తియ్యనిది కూడా దాని మీద వేస్తే ఎట్లాగయ్యా?"

మా నాన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆవిడ కంగారుపడి లేపి మంచినీళ్ళిచ్చారు గాని, సరేనని మాత్రం అనలేదు. ఆ రోజు నాకు ఆవిడ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అబద్ధమాడాలంటే దేవుడు గుర్తొచ్చిన మనిషికి నా బతుకు గుర్తు రాలేదా అనుకున్నాను.

ఆర్.ఐ. గారు మధ్యాహ్నం బడి వరండాలోకి వచ్చారు. మర్యాదస్తుడు. ఆ పని ఆయనకూ ఇష్టం లేదని మొహం చెబుతూనే ఉంది. పుస్తకం మీ దగ్గరుందా టీచరు గారూ అని అడిగారు. ఉందండీ అన్నారావిడ. చూపిస్తారా అంటే చూపించనండీ అన్నారు. ఆయన పెన్ను పక్కన పెట్టేశారు.

"లేదంటే అదే రాసుకుని వెళ్ళేవాణ్ణి కదండీ."

"ఉన్నదాన్ని లేదనలేనండీ. ఉప్పెనప్పుడు మీ ఆఫీసువారు అడక్కుండానే ఇచ్చాను. పోయినవాళ్ళెవరో తెలియడానికిచ్చాను. బతికున్న పిల్ల నోటికాడి ముద్ద తియ్యడానికి మాత్రం ఇవ్వను."

రికార్డు ఇవ్వనన్నారని రాయాల్సొస్తుంది, మీది ఎయిడెడ్ పోస్టు, రిటైర్మెంటు కూడా దగ్గర్లో ఉంది అని ఆయన హెచ్చరించారు. రాయండి, సంతకం పెడతాను అన్నారావిడ. ఆయన రాశారు. ఆవిడ చదువుకుని, ఒక అక్షరదోషం చూపించి, అది దిద్దాక సంతకం పెట్టారు. అబద్ధమాడకుండా, నన్ను పట్టివ్వకుండా, అధికారిని చిన్నబుచ్చకుండా ఒక మనిషి అలా నిలబడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఆవిడనే చూస్తూ ఉన్నాను.

సరిగ్గా అప్పుడు ఆయన నా వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, నువ్వు క్రైస్తవురాలివా అని అడిగారు.

టీచరు గారు నా వైపు చూడలేదు. నా జవాబు మీద తన చూపు బరువు పడకూడదని కాబోలు, వరండా బయట బోరింగు పంపు వైపు చూస్తూ నిలబడ్డారు. నా వెనక మా నాన్న ఊపిరి వినిపిస్తోంది.

"కాదండీ" అన్నాను.

ఆయన రాసుకున్నారు. నేను నాగమణి అని సంతకం పెట్టాను. సీటు నిలిచింది. మా నాన్న వాళ్ళందరి ముందే ఏడ్చేశాడు. టీచరు గారు గంట కొట్టడానికి లోపలికి వెళ్ళారు.

ఆ ఆదివారం అధికారుల ప్రార్థన వంతు నాది. వంతు మారుస్తారేమో అనుకున్నాను. మార్చలేదు. కాగితం నా చేతికిచ్చి, నిదానంగా చదువమ్మా అన్నారు. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, కలెక్టరు, ఎమ్మార్వో దాకా బాగానే చదివాను. తర్వాతి వరసలో ఆర్.ఐ. గారి పేరు. అక్కడ ఆగిపోయాను.  అప్పుడు ఆడవాళ్ళ చాప మీది నుంచి టీచరు గారి గొంతు, ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు, ఆ పేరు పలికింది. నాకు అందించినట్టుగా పలికి ఊరుకుంది. నేను కింది పేరు నుంచి అందుకున్నాను.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నా పేరు పుస్తకంలోంచి కొట్టెయ్యండి అని అడిగాను. కాదని సంతకం పెట్టినదాని పేరు అందులో ఉండటం అబద్ధం గదా అన్నాను. ఆవిడ మూట విప్పారు. అదే వాసన. పేజీ తిప్పి నా పేరు చూపించారు. అంతకుముందు ఆ పేజీ నేనెప్పుడూ చూడలేదు. నా పేరుకు పైన ఇద్దరు పిల్లల పేర్లు, కింద ఒకరిది. ముగ్గురికీ ఎదురుగా రిమార్కుల గడిలో, నీళ్ళకు అలికిన సిరాతో, ఒక్కటే మాట: ఉప్పెన. మధ్యలో కృపమ్మ. ఎదురుగా గడి ఖాళీ.

"వీళ్ళకి ఎదురుగా ఏం రాయాలో నాకు తెలిసింది, రాశాను. నీకెదురుగా ఏం రాయమంటావ్?"

కొట్టెయ్యండి అనే మళ్ళీ అన్నాను.

"రాసే అధికారమే నాకిచ్చారమ్మా. కొట్టేసే అధికారం నాకు లేదు, ఎమ్మార్వోకీ లేదు."

మరి నేనేం చెయ్యాలో చెప్పండి అన్నాను. చెప్పనన్నారు. సంఘంలో సగంమంది రెండు పేర్లతో బతుకుతున్నారనీ, వాళ్ళలో ఒక్కరినీ తాను తప్పుపట్టలేదనీ, నన్నూ పట్టననీ అన్నారు. ఇప్పుడు నేను ఇది చెయ్యి అంటే నేనూ ఇంకో ఆఫీసునే అవుతాను, నీకిప్పటికే ఒక ఆఫీసు ఎక్కువైంది అని నవ్వి మూట కట్టేశారు. నాకు ఆ ఖాళీ గడి మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు. అన్నం తింటున్నా అదే, పుస్తకాలు సర్దుకుంటున్నా అదే.

నాలుగో రోజున నేనే కాగితం రాసుకుని నాగాయలంక ఎమ్మార్వో ఆఫీసుకు బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. కాలవగట్టు మీద టీచరు గారు ఎదురయ్యారు. ఎక్కడికని అడగలేదు, గొడుగు విప్పి నాతోపాటు నడిచారు. ఆర్.ఐ. గారు నా కాగితం చదివి, తెలిసే రాశావా అమ్మా అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తెలిసే రాశానన్నాను. మొదట ఇచ్చిన వాంగ్మూలం తప్పు, నేను క్రైస్తవురాలిని, నా పేరు కృపమ్మ కూడా అని అందులో ఉంది. ఆయన కాగితం మడిచి ఫైలులో పెట్టారు.

సీటు పోయింది. బీసీ-సి కింద నా ర్యాంకుకు రాలేదు. మా నాన్న ఆ వానాకాలమంతా నాతో మాట్లాడలేదు. ఆయన్ని నేను ఈనాటికీ తప్పుపట్టను. సంఘ పెద్దలు మాత్రం మనసు మార్చుకుని, నా చేత గుడిలో సాక్ష్యం చెప్పిద్దామన్నారు. మైకు చేసింది చాలని టీచరు గారు ఒక్క మాటతో ఆపేశారు. నన్ను ఆవిడ ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నిజం చెప్పినందుకు పిల్లకి సీటు పోకూడదమ్మా, పోయిందంటే ఎక్కడో తప్పుంది అన్నారు. మరుసటి ఏడాది అర్జీలో ఆ మాట కూడా చేరింది.

నేను గుడివాడలో నర్సింగు చదివి, బందరు పెద్దాసుపత్రిలో ఉద్యోగంలో చేరాను. ఇది బాగానే ఉంది, ఈ పని నాకిష్టమే. అయినా కొత్తగా చేరిన డాక్టరమ్మలు మెడలో స్టెతస్కోపుతో గబగబా నడిచిపోతుంటే అది నేను కావలసింది గదా అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. అది దాచుకుంటే టీచరు గారికి నచ్చదు.

ఆవిడకు ఛార్జి మెమో వచ్చింది. పుస్తకం నా దగ్గర ఉన్నది, చూపలేదు అని రెండు ముక్కల్లో జవాబు రాశారు. పింఛను కాగితాలు ఏడాదిన్నర ఆఫీసులు తిరిగాయి. ఆ ఏడాదిన్నరా ఆ ఆఫీసుల్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ మా జాబితాలో ఉన్నాయి. ఆర్.ఐ. గారు బదిలీ మీద వెళ్తూ చెప్పిపోదామని టీచరు గారింటికి వచ్చారు. సెలవులకు వచ్చిన నేను అక్కడే ఉన్నాను. కాఫీ తాగుతూ, ఇంకా నా పేరు చదువుతున్నారా అండీ అని మొహమాటంగా అడిగారు.

"కొత్తాయన వచ్చేదాకా చదువుతామండీ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరు మామూలు మనిషే కదండీ. మామూలు మనుషుల ప్రార్థనలోకొస్తారు."

ఆయన గ్లాసు కింద పెట్టి, లేచి ఆవిడకు రెండు చేతులూ జోడించారు. ప్రభుత్వం చేతులు జోడించడం నేను అప్పుడే చూశాను.

టీచరు గారు చివరి రోజుల్లో నా వార్డులోనే ఉన్నారు. సెలైను పెట్టిన చెయ్యి కదలకూడదని చెప్పినా వినకుండా, డ్యూటీ డాక్టరు పేరూ, సూపరింటెండెంటు పేరూ అడిగి చీటీ మీద రాయించుకున్నారు. పోయే ముందు పుస్తకం, అర్జీ నకలు రెండూ ఒకే మూటలో కట్టి నాకిచ్చారు. ఇప్పుడు మా గుడి జాబితా నేనే రాస్తాను, ఏటా అర్జీ కూడా నేనే ఇస్తాను. నా పేరుకెదురుగా గడి ఇంకా ఖాళీగానే ఉంది.

మొన్న సోమవారం నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బల్ల వెనక ఒక యువకుడు అర్జీలు కంప్యూటరులో ఎక్కిస్తున్నాడు. నా కాగితం చదివి, పాత నంబర్లు వెతికి, తల గోక్కున్నాడు. ప్రతి ఏడూ ఇదే ఇస్తున్నారు కదండీ, దీనివల్ల ఏమైనా అవుతుందనుకుంటున్నారా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. పైకి పంపండి బాబూ, చాలు అన్నాను. పేరు అడిగాడు. నాగమణి అనే కృపమ్మ అని రాయించాను. రసీదు చేతికొచ్చాక కూడా నేను లేవలేదు.

"మీ పేరేంటి బాబూ?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఎందుకండీ, నేనేమైనా తప్పుగా మాట్లాడానా అన్నాడు.

"లేదయ్యా. ఆదివారం చదవాలి."

అతను కీబోర్డు మీంచి చేతులు తీశాడు. తర్వాత మెల్లగా తన పేరు చెప్పాడు. నేను చీటీ మీద రాసుకున్నాను.